పుట్టగొడుగు పొడి

"రేపు బస్సు తీస్త," అన్నాడు యాకయ్య.

మంచం మీద ఒరిగిన అతని భార్య వజ్రమ్మ దిగ్గున లేచి కూర్చుంది. "ఏమన్నవ్?"

"డిపో సారు అడిగిండు. పోలీసు జీపు ముంగట పోతదట. ఒక్క ట్రిప్పే. నిన్ను ముందు సీట్ల కూసోవెట్టుకొని హన్మకొండ దవాఖాన్ల దించుత. ఇంజెక్షన్ తారీఖు రేపే గద."

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగి వారమైంది. ఘనపూర్ డ్రైవర్లంతా టెంటు కింద కూర్చున్నారు, యాకయ్యతో సహా. కిక్కిరిసిన ప్రైవేటు జీపుల్లో పోయే ఓపిక వజ్రమ్మకు లేదు.

"రేపు తెలంగాణ వచ్చినంక నలుగుట్ల ఏం మొఖం వెట్టుకొని తిరుగుతవ్?"

"నువ్వుంటేగద నాకు తెలంగాణ!"

వజ్రమ్మ దిండు పక్కనున్న డబ్బా తీసింది. చెట్ల మొద్దుల మీద మొలిచే పుట్టగొడుగుల పొడి. ఆమె తమ్ముడు బాలు తెచ్చిచ్చాడు.

"గిది తాగినకాంచి పానం నిమ్మళంగున్నది. రోగంతోని కొట్లాడే కణాలను లేపుతదట. తమ్ముడు పేపర్ల సదివిండు."

"దవాఖాన మందుకు తోడేగని బదులు కాదని డబ్బా మీదనే రాసిండ్రు."

"రాసినోళ్లకు క్యాన్సర్ లేదు, నాకున్నది. నా ఒళ్లు నాకు తెల్వదా?"

మరునాటి నుంచి రెండు పూటలా వేడినీళ్లలో పొడి కలుపుకొని అతని ఎదుటే తాగింది. బలవంతంగానైనా రెండు ముద్దలు ఎక్కువ తినేది. ఒకరోజు టెంటు దాకా నడిచొచ్చి గంటసేపు కూర్చుంటే అందరూ చప్పట్లు కొట్టారు. యాకయ్య బస్సు తీయలేదు. కానీ ఆమె మెడ కింద తేలిన ఎముకలు చూసినప్పుడల్లా అతను ఇంజెక్షన్ తప్పిన రోజులు లెక్కపెట్టుకునేవాడు.

సమ్మె ఆగిన తెల్లవారి, ఆమె ఎంత వద్దన్నా యాకయ్య వినలేదు. తొలి బస్సు తనే నడుపుకుంటూ తీసుకుపోయాడు. దవాఖాన బెంచీ మీద ఆమెను పడుకోబెట్టి, డాక్టరు గదిలోకి పోయి చేతులు జోడించాడు.

"తప్పు నాదే సారూ. సమ్మెల కూసొని ఇంజెక్షన్ తప్పిచ్చిన. పొడిని నమ్మి ఊకున్న. ఇప్పుడన్న ఇయ్యుండ్రి, దాన్ని బతికియ్యుండ్రి."

డాక్టరు కాగితాలు తిరగేసి, అతని మొహంలోకి వింతగా చూశాడు.

"ఇంజెక్షన్ ఏంటయ్యా? ఇక పనిచేయవని ఆగస్టులోనే ఆపేశాను. ఇంట్లో నీకు తనే చెప్తానందే!"