పసుపు తిరిగిన గాజు

సీమంతంలో పేరంటాళ్ళు తొడిగిన మట్టిగాజుల మధ్య, శ్యామల చేతికున్న సర్కారు గాజు నీలం పోయి పసుపు రంగు తిరిగింది. ఈడొచ్చిన ప్రతి ఆడదానికీ తొడిగే గాజది. కామెర్ల పురుగో, సుఖరోగమో ఒంట్లో చేరితే అలా రంగు మారుతుంది. పొద్దుటినుంచీ ఏ కీడు ముంచుకొస్తుందోనని బిక్కుబిక్కుమంటున్న తల్లి కోటమ్మ గబగబా కూతురి పక్కకొచ్చి నిలబడింది.

"ఎక్కడ తగిలించుకొచ్చిందో!" అంది వియ్యపురాలు.

"నా కూతురికి మీ అబ్బాయి తప్ప ఇంకో లోకం తెలీదు వదినా. అల్లుడుగారినీ ఒక్కసారి తొడుక్కోమనండి," అని కోటమ్మ తన చేతి సర్కారు గాజు ఊడదీసి అతని ముందు పెట్టింది.

"నాకు గాజులా అత్తయ్యా? చీర కూడా కట్టమంటారా?" అన్నాడు అల్లుడు.

పేరంటాళ్ళంతా ఘొల్లున నవ్వారు. పసుపు గాజున్న వాళ్ళు కూడా నవ్వారు.

కోటమ్మ కూతుర్ని లోపలికి తీసుకెళ్ళింది. "ఏడవకు తల్లీ. మందులున్నాయి. పుట్టగానే బిడ్డకు సూది వేయిద్దాం."

"ఆయన మందు వాడకపోతే మళ్ళీ నాకేగా అమ్మా!"

కూతురు నెల తప్పిన నాటినుంచీ మనవరాలే పుట్టాలని మొక్కుకున్న కోటమ్మ, ఆ కడుపు మీద చెయ్యి వేసి, ఆడపిల్లను మాత్రం ఇవ్వకు తండ్రీ అని వేడుకుంది.