విజయ్ కుమార్ పక్క జాగా

మొదటి దెబ్బ గిద్యోను భుజం మీద పడింది. నడుంలోతు గుంతలో నిలబడి గడ్డపార ఎత్తబోతున్న మనిషి, అలాగే ముందుకు తూలి గుంత అంచుకు కొట్టుకున్నాడు. పైన స్టీఫెన్ వేపకర్ర పట్టుకొని నిలబడి ఉన్నాడు. వెనకాల పాతికమంది.

"బయటికి రా మామా. నీ అంతట నువ్వు వస్తే మర్యాదగా ఉంటాది."

మర్యాద సంగతి స్టీఫెనుకు కొట్టిన తర్వాత గుర్తొచ్చింది.

అర్ధవీడు దగ్గరి ఆ పల్లెలో క్రైస్తవుల ఇళ్ళు అరవై దాకా ఉంటాయి. ఎవరింట్లో చావొచ్చినా ఇంటికొక మనిషి గడ్డపార తీసుకొని సమాధుల తోటకు వచ్చి గుంత తవ్వాల్సిందే. ఈ పొద్దు గిద్యోను ఒక్కడే వచ్చాడు. ఎందుకంటే పోయినవాడు జక్రయ్య. బోరు నీళ్ళ తగువులో స్టీఫెన్ వాళ్ళ అన్న విజయ్ కుమార్‌ను గొడ్డలితో నరికి చంపిన జక్రయ్య. బెయిలు మీద వచ్చి నెల తిరక్కముందే కామెర్లతో పోయాడు. వాణ్ణి తోటలో పెట్టనిచ్చేది లేదని సంఘపెద్దలు నిన్ననే తేల్చేశారు. శవం ఇంటి ముందర ఎండలో ఉంది. తల్లి ఒక్కతే పక్కన కూర్చొని ఈగలు తోలుతూ ఉంది. పాస్టరు గారికి తెల్లారేసరికి మార్కాపురంలో పని పడింది, ఫోను కూడా పలకడం లేదు.

తోటలో తవ్వడం ఒక ఎత్తయితే, తవ్వుతున్న చోటు ఇంకో ఎత్తు. అది చూసి జనానికి ఒళ్ళు మండిపోయింది. సరిగ్గా విజయ్ కుమార్ సమాధి పక్కన.

"అది మా వదిన కోసం ఉంచిన జాగా," అన్నాడు స్టీఫెన్. "నరికినోణ్ణి తెచ్చి మా అన్న పక్కన పండబెడతావా? మా రాహేలు వదిన చూస్తే గుండె పగిలి చస్తాది."

గిద్యోను మళ్ళీ గడ్డపార ఎత్తి దించాడు. రాయి తగిలి ఖణేల్‌మంది. రెండో దెబ్బ వేళ్ళ మీద పడింది. గడ్డపార జారిపోయింది. మూడోది నెత్తి మీద. నెత్తురు కళ్ళల్లోకి కారి, ఆయనకు ఎవరు ఎక్కడున్నారో కనపడకుండా పోయింది.

నలుగురు కుర్రవాళ్ళు దిగి చొక్కా పట్టుకొని పైకి ఈడ్చారు. డొక్కలో తన్నారు. ఇరవై ఏళ్ళుగా సంఘంలో అందరి చేతా వందనాలు చెప్పించుకున్న మనిషి ఆయన. పావుగంటలో అదంతా కొట్టుకుపోయింది. జక్రయ్య తల్లి దగ్గర లంచం తిన్నాడని ఒకరన్నారు. ఆనాడు గొడ్డలి అందించింది కూడా వీడేనేమో అని ఇంకొకరన్నారు. పక్కనున్నవాళ్ళు అవునేమో అనుకున్నారు. కొట్టడానికి ఒక కారణం కంటే రెండుంటే చేతులకు బాగా ఊపొస్తుంది మరి.

గిద్యోను పాక్కుంటూ మళ్ళీ గుంత దగ్గరికే పోయాడు. స్టీఫెన్ ఆయన మెడ మీద కాలు వేసి తొక్కిపెట్టాడు.

"ఎవరు తవ్వమన్నారు నిన్ను? పాస్టరా?"

"కాదు."

"మరెవరు? పేరు చెప్పు, వదిలేస్తా."

"చెప్పను అల్లుడూ. మాటిచ్చినా. నేనెందుకు తవ్వుతున్నానో దేవునికి తెలుసు. నాకు అది చాలు."

"దేవుడు ఫోన్ చేసినాడంట," అన్నారెవరో. జనం నవ్వారు. ఆ నవ్వుతో స్టీఫెనుకు ఇంకా మండింది. కర్ర విరిగేదాకా వీపు మీద బాదాడు. విరిగిన ముక్క పారేసి గడ్డపార చేతికి తీసుకున్నాడు. అప్పుడు మాత్రం నవ్విన నోళ్ళు మూతపడ్డాయి. ఆపడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు.

అంతలో రాహేలు వచ్చింది.

మిరప చేలోంచి పరుగున వచ్చినట్టుంది, కొంగు నడుముకు చెక్కే ఉంది. జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఆడవాళ్ళు ఆమెను చూసి కళ్ళు ఒత్తుకున్నారు. ఈ గొడవంతా ఆమె కోసమే కదా, ఆమె కళ్ళారా చూస్తే గాని ఎవరికీ తృప్తి లేదు.

"చూడు వదినా, మీ చిన్నాయన చేసిన పని. నీ జాగాలో ఎవరికి గుంత తవ్వినాడో చూడు." స్టీఫెన్ గడ్డపార తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "నీ చేత్తో ఒక్కటెయ్. నీ కడుపుమంట చల్లారాల. పోలీసుల సంగతి నేను చూసుకుంటా."

రాహేలు గడ్డపార పట్టుకొని గిద్యోను దగ్గరికి నడిచింది. ఆయన చెవి చీలి వేలాడుతోంది. ముందటి పళ్ళు రెండు మట్టిలో పడి ఉన్నాయి. కమిలిపోయిన కన్ను ఒకటి అతికష్టం మీద తెరిచి ఆమెను చూశాడు.

"వద్దమ్మా," అన్నాడు. "వద్దు."

"ఇప్పుడొచ్చినాది భయం," అన్నాడు స్టీఫెన్.

రాహేలు చుట్టూ ఉన్న మొహాలను ఒక్కొక్కటిగా చూసింది. రేపటి నుంచి బోరు దగ్గరా, కూలి కాడా, గుడిలో చాప మీదా ఆమె చూడాల్సిన మొహాలు అవే. గడ్డపార కింద పడేసి గిద్యోనుకు అడ్డంగా కూలబడి, ఆయన తలను ఒళ్ళోకి తీసుకుంది.

"జనమేమంటారో అని భయపడి, నా పేరు చెప్పొద్దని చిన్నాయన దగ్గర నేనే మాట తీసుకున్నా," అంది. "ఆ తల్లి ఒక్కతే శవం కాడ ఈగలు తోలుకుంటా కూర్చుంటే చూడలేక, నా జాగా జక్రయ్యకు నేనే ఇచ్చినా స్టీఫెనూ. ఇంక నన్ను కొట్టు."