పునాదిలో రాగి నాణేలు

“పార కింద పెట్టప్పా. ఇంకొక తట్ట మట్టి తీస్తే మర్యాదగా ఉండదు,” అన్నాడు ఓబులేసు.

ఎజ్రా పార కింద పెట్టాడు. ఆళ్లగడ్డ శివారులో ప్రార్థన మందిరానికి తవ్వుతున్న పునాది అది. పొద్దున ఆ గుంతలో ఒక మట్టిముంత బయటపడింది. నిండా రాగి నాణేలు, వాటి మీద ఏవో పాత అక్షరాలు. మధ్యాహ్నానికి ఊళ్లో సగం మంది గుంత చుట్టూ చేరారు.

“ముంతను పూడ్చేయమని అప్పుడే చెప్తి. నా మాట ఇంటివా?” భార్య చెవిలో అన్నాడు ఎజ్రా.

“మనది కాంది మనమెట్ల దాచిపెట్టేది?” అంది సలోమి. ముంతను తీసుకెళ్లి ఎస్సైకి చూపించింది ఆమే.

ఎస్సై పిలిపిస్తే నంద్యాల నుంచి భారతమ్మ వచ్చింది. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఒక నాణేన్ని చెంగుతో రుద్ది భూతద్దం పెట్టింది.

“శ్రీ నరసింహ,” అని చదివింది.

“ఇంటిరా? సామి పేరు,” ఓబులేసు గుంపు వైపు తిరిగాడు. “ఈడ గుడి ఉండింది. గుడి జాగాలో వీళ్లెట్ల కడతారు?”

జనం ముందుకు తోసుకొచ్చారు. పునాది కొలతకు వేసిన ముగ్గు గీతను ఎవరో కాలితో చెరిపేశారు. ఎస్సై లాఠీ అడ్డం పెట్టాడు. సలోమి గుంత అంచు నుంచి కదల్లేదు.

“ఈడ గుడి ఉండిందని రాసియ్యండి మేడం,” అన్నాడు ఓబులేసు.

“అంత సులువు కాదు నాయనా. ఆ కాలంలో అంగట్లో ఉప్పు కొన్నా ఇట్లాంటి నాణేలే ఇచ్చేది. దేవుని పేరుందని గుడి ఉండిందనలేం.”

“అదంతా మాకొద్దు. మీరు రాసియ్యండి, చాలు.”

“గుడి ఉండొచ్చేమో చూడమని రాస్తా. పురావస్తు శాఖ వాళ్లొచ్చి తవ్వి చూస్తారు. వాళ్లు తేల్చేదాకా ఈ చుట్టుపక్కల ఎవరూ ఇటుక మీద ఇటుక పెట్టకూడదు.” భారతమ్మ తలెత్తి చూసింది. “ఆ పక్కన పిల్లర్లు లేపిందెవరు?”

“నేనే. అహోబిలం పోయే యాత్రికులకు లాడ్జి కడతాండా.”

“అదీ ఆగుతుంది. ఎన్నేండ్లో నేను చెప్పలేను.”

ఆమె సంచిలోంచి కాగితం, పెన్ను తీసింది. ఓబులేసు గబగబా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“మేడం, ఇంకొకసారి సరిగ్గా చూడండి... యేసు అని ఏమన్నా ఉందేమో.”