కదలని కుర్చీ

రేపే మనవరాలికి లా కాలేజీ ప్రవేశ పరీక్ష. కిందటిసారి ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చే ప్రశ్నల దగ్గరే తప్పింది. ఇదే చివరి అవకాశం.

గడియారం ముందు పెట్టి చెప్పాను: "మన భోజనాల బల్లే లెక్కనుకో. ఆరు కుర్చీలు. మీ అమ్మా పిన్నీ పక్కపక్కన కూర్చోరు. మీ నాన్నా బాబాయీ ఎదురెదురుగా కూర్చోరు. నువ్వు చివర. కిటికీ దగ్గరిది నా కుర్చీ, అది మారదు. ఎప్పుడైనా సరే, కదలనివాళ్ల సంగతి ముందు తేల్చు. మిగతావాళ్లు సర్దుకుంటారు. ఎనిమిది నిమిషాలు."

అది బొమ్మ గీసింది, కొట్టేసింది, మళ్లీ గీసింది.

"నానమ్మా, అమ్మా పిన్నీ వంటింట్లో పక్కపక్కనే కూర్చుని పకపకా నవ్వుకుంటారుగా?"

"వంటింటి సంగతి లెక్కలో లేదు. ఇచ్చిన షరతులు చూడు."

"నాన్నా బాబాయీ కూడా అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని..."

"టైమవుతోంది."

చివరికి కాగితం నా ముందు పెట్టింది. కిటికీ దగ్గరి కుర్చీని కొట్టేసింది.

"నువ్వు చెప్పినట్టే కదలనివాళ్ల సంగతి ముందు తేల్చాను. ఇక ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు."

గడియారం చూశాను.

"పదకొండు నిమిషాలు పట్టింది," అన్నాను.

జవాబులో తప్పు దొరుకుతుందేమోనని రెండుసార్లు సరిచూశాను. దొరకలేదు.