మూడక్షరాల మాట

స్కూలు టీచరు పుస్తకాల కట్టను తెచ్చి బల్ల మీద పెట్టి, ప్రెస్సు షావుకారు ముందు ఒక పిల్లవాడి నోటుబుక్కు తెరిచారు.

'మా నాన్న దుకాణం పరుగెత్తుతున్నాడు. మా చెల్లి ముక్కు పరుగెత్తుతోంది' అని రాసి ఉంది.

తప్పు పిల్లవాడిది కాదు. షావుకారు వేసిన చిన్న ఇంగ్లీషు నిఘంటువులో 'రన్' అన్న మాటకు 'పరుగెత్తు' అని ఒక్క అర్థమే ఉంది. పేజీలు కలిసొస్తాయని మిగతావి ఆయనే కొట్టేయించాడు.

నాలుగు రోజుల్లో అది సరిచేసి చూపించకపోతే ముప్పై స్కూళ్ళ ఆర్డరు ఇంకొకరికి పోతుందని చెప్పి టీచరు వెళ్ళిపోయారు. ఆ ఆర్డరు పోతే ప్రెస్సు షట్టరు దించుకోవడమే.

షావుకారు తెలిసిన లెక్చరరు ఒకాయనకు ఫోను చేశాడు. ఆయన తడుముకుంటూ ఏడు అర్థాలు చెప్పి, క్లాసుకు టైమయిందని పెట్టేశాడు.

అచ్చయిన కాగితాలు మడతపెడుతున్న ముసలాయన చెయ్యి ఆగింది. పనిలో చేరి వారమే అయింది. హాజరు పుస్తకంలో పేరు కూడా ఎక్కలేదు. అందరూ మడతలాయన అంటారు.

"బాబూ, ఆ మాట ఏడింటితో తెమిలేది కాదు" అన్నాడు.

షావుకారుకు నవ్వొచ్చింది. ఏ మనిషి ఎంత తూగుతాడో చూపుతోనే చెప్పేస్తానని ఆయన ధీమా. చిరిగిన కాలరు, నల్లబడ్డ వేలికొసలు. ఈ శాల్తీ రోజు కూలికి మించి తూగదు.

"అయితే చెప్పు పెద్దాయనా. ముక్కు?"

"కారుతుంది."

"బట్టకు వేసిన రంగు?"

"దిగుతుంది."

"మోటారు?"

"తిరుగుతుంది. నీళ్ళయితే పారతాయి. నాటకమైతే ఆడుతుంది. దుకాణం నడుస్తుంది."

"ఎన్నికల్లో?"

"ఇంగ్లీషువాళ్ళు పరుగెత్తుతారు. మనం నిలబడతాం."

షావుకారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"ఇంట్లో ఉప్పు అయిపోతే?"

"వాళ్ళకు పరుగెత్తి బయటికి పోతుంది. మనకు నిండుకుంటుంది. డబ్బా బోర్లించి చూపిస్తాం గానీ, లేదనడానికి మనకు నోరు రాదు."

కంప్యూటరు దగ్గర టైపు చేసే అమ్మాయి కుర్చీ తిప్పి మరీ ముసలాయన వంక చూసింది.

ఆ తర్వాత మూడు రోజులు ఆయన చేత కాగితాలు మడతపెట్టించలేదు. కత్తిరింపుల్లో మిగిలిన కాగితపు ముక్కల మీద రాస్తూ కూర్చున్నాడు. ముక్కకు ఒక అర్థం. పైన నంబరు, కింద ఇంగ్లీషు వాక్యం, దాని కింద తెలుగు. ఒక్క పుస్తకం తెరిచి చూసింది లేదు.

మూడో రోజుకు ముక్కలు రెండు వందల పన్నెండు అయ్యాయి.

నమ్మకం కుదరక షావుకారు రెండుసార్లు లెక్కపెట్టాడు. మూడక్షరాల మాట కడుపులో ఇంత సంసారం ఉందా అనుకున్నాడు. ఎన్నేళ్ళుగా వ్యాపారం చేస్తున్నా, ఇంత చిన్న సంచిలోంచి ఇంత సరుకు దిగడం ఆయన చూడలేదు.

నాలుగో రోజు టీచరు వచ్చారు. చదువుతూంటే ముందు ముఖం విప్పారింది. తర్వాత ముడుచుకుంది. సంచిలోంచి పెద్ద నిఘంటువు తీశారు. ప్రతి లైబ్రరీలో ఉండేదే, పేరు మోసిన పండితుడు చేసింది. నూట అరవై అర్థాలు అందులో ఉన్నవే, పొల్లు పోకుండా.

ఎత్తుకొచ్చిన సరుకు పిల్లలకు ఇవ్వలేమన్నారు టీచరు. ఆ పండితుడి ఇంటివాళ్ళు ఒప్పుకున్నట్టు రేపటికల్లా కాగితం తెస్తేనే ఆర్డరు అన్నారు.

షావుకారు విసురుగా మడతలాయన దగ్గరికి వెళ్ళాడు.

"దొంగ సరుకు నా నెత్తిన పెడతావా?"

"చూసి రాయలేదు బాబూ."

"చూడకుండా ఇన్ని ఎవడికొస్తాయి?"

ముసలాయన ముందున్న కాగితాల అంచులు సరిచేశాడు. చేతులు కడుక్కున్నాడు. రేపటి నుంచి రావద్దని షావుకారు చెప్పేలోపే మెట్లు దిగిపోయాడు.

మర్నాడు పొద్దున్నే షావుకారు ఆ ముక్కల కట్ట పట్టుకుని పండితుడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. పండితుడు పోయి చాలా కాలమైంది. కూతురు ఉంది, ఆవిడకూ తల నెరిసింది. షావుకారు జరిగిందంతా దాచకుండా చెప్పాడు. దాస్తే కాగితం పుట్టదని ఆయనకు తెలుసు. తన పనివాడు చేసిన దొంగతనానికి తాను క్షమాపణ అడుగుతున్నానన్నాడు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ముక్కలు ఒక్కొక్కటే చూసింది. చేతిరాత మీద వేలు ఆనించి చూసింది. యాభై రెండు ముక్కలు విడిగా పెట్టింది.

"ఇవి మా పుస్తకంలో లేవు. ఫోనుల్లో ప్రోగ్రాములు నడవడం, అప్పుడెక్కడిది? అచ్చయి నలభై ఏళ్ళయినా వెతకడం మానలేదన్నమాట."

షావుకారుకు ఏమీ అర్థం కాలేదు.

ఆవిడ కాగితం తీసి నాలుగు వాక్యాలు రాసి, సంతకం చేసి ఇచ్చింది. దొంగతనం ఏమీ జరగలేదని, ఆ పేజీ నిశ్చింతగా వేసుకోవచ్చని అందులో ఉంది.

"ఈయన ఎక్కడుంటాడు?" అని అడిగింది.

ఊళ్ళో ఎవరి సరుకు ఎక్కడ దొరుకుతుందో చెప్పగల షావుకారుకు, తన దగ్గర వారం పైగా పనిచేసినవాడి ఇల్లే కాదు, పేరు కూడా తెలియదు.

"ఎవరమ్మా ఆయన?" అన్నాడు చివరికి.

"నాన్న 'పి' అక్షరం దగ్గరే పోయారు బాబూ" అంది ఆవిడ, ముక్కల్ని జాగ్రత్తగా కట్టగడుతూ. "అక్కణ్ణుంచి ఆఖరి మాట దాకా రాసింది, ఆ పుస్తకం అచ్చుకు సీసపు అక్షరాలు కూర్చిన ఈయనే."