రెండు బోల్టులు

ముందు చక్రం దగ్గర రెండే రెండు బోల్టులు. వాటిని కాస్త వదులు చేస్తే చాలు, యెషయా పీడ విరగడైపోతుంది.

శనివారం సాయంత్రం మెట్టుగూడలో తన షెడ్డులో పానా పట్టుకుని కూర్చున్న లూకాకి అదొక్కటే ఆలోచన. యెషయా పరాయివాడేం కాదు, సొంత చెల్లెలు సువార్త మొగుడు. మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో కాపురం. కొత్తగా పెద్ద బైకు కొన్నాడు. రేపు ఊరి బయట, ఎవరూ వాడకుండా వదిలేసిన రన్‌వే మీద ట్రాక్ డే. ట్రాఫిక్ గొడవ లేకుండా ఎంత స్పీడు కావాలంటే అంత స్పీడు తోలుకోవచ్చు. యెషయాకి ఇదే మొదటిసారి. బండి సిద్ధం చేసే పని మెకానిక్ బావమరిది నెత్తిన పడింది. ఆ రాత్రికి మొగుడూ పెళ్లాం లూకా ఇంట్లోనే దిగారు.

ట్రాక్ కోసం తోలు సూటు, హెల్మెట్ తెప్పించుకున్నాడు. ఆ హెల్మెట్ ఎంత గట్టిదో మొదట తెలిసింది సువార్తకే. పెట్టుకుని ఎలా ఉన్నానని అడిగితే పొయ్యి మీంచి చూపు తిప్పకుండా బాగుందన్నదట, పక్క క్వార్టరు వాళ్లు చెప్పారు. దానితోనే నుదుటి మీద కొట్టాడు. ఏడు కుట్లు పడ్డాయి. బాత్రూంలో జారిపడ్డానని చెప్పింది పిచ్చిది. పోయిన క్రిస్మస్‌కి చెయ్యి విరిచినప్పుడూ బాత్రూమే.

సంఘ పెద్దలు రెండుసార్లు కూర్చోబెట్టి మాట్లాడారు. వాళ్ల ముందు యెషయా కళ్లనీళ్లు పెట్టుకుని మోకరించాడు. ఇంటికెళ్లి బెల్టు తీశాడు. ఇలాగే సాగితే చెల్లెలు దక్కదని లూకాకి తెలుసు.

సువార్త మాత్రం మొగుణ్ణి ఒక్క మాట అనదు. ఆమె చేతిసంచిలో ఎప్పుడూ ప్రార్థన చేయించిన ఆలివ్ నూనె సీసా ఉంటుంది. అతని దిండుకి రాసింది, టిఫిన్ డబ్బాకి రాసింది, ఆఖరికి ఆ బెల్టుకి కూడా రాసింది. దెబ్బలు మాత్రం తగ్గలేదు.

లూకా బండి అద్దాలు విప్పాడు. నంబరు ప్లేటు తీశాడు. పగిలినా గాజు చెదరకుండా హెడ్‌లైటుకి టేపు అంటించాడు. ముందు చక్రానికున్న గుండ్రటి బ్రేకు డిస్కుని పెట్రోలు గుడ్డతో రెండు వైపులా తళతళలాడేలా తుడిచాడు. పక్కనే నిలబడి చూస్తున్న యెషయా దానిమీద వేలు పెట్టబోతే చెయ్యి తోసేశాడు.

"జిడ్డు చెయ్యి పెట్టకు బావా. చుక్క నూనె తగిలినా బ్రేకు పట్టదు, బండి ఆగదు."

"నాకు చెప్తున్నవా ఏందీ నువ్వు?"

కాలరు పట్టుకుని గోడకేసి కొట్టాడు యెషయా. టీ గ్లాసులతో వచ్చిన సువార్త గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక గ్లాసు లాక్కుని గుక్కెడు తాగి, చక్కెర తక్కువైందంటూ మిగిలిన వేడి టీ ఆమె చేతి మీద పోశాడు. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని రెండో గ్లాసు అన్నకి అందించింది.

బొబ్బలెక్కుతున్న ఆ చెయ్యి చూశాక లూకా ఇంకేమీ ఆలోచించలేదు. వాళ్లిద్దరూ షెడ్డు వెనకున్న ఇంట్లోకి వెళ్లగానే రెండు బోల్టులూ వదులు చేసేశాడు.

ఆదివారం తెల్లవారగానే లేచాడు. లేవడానికి నిద్ర పడితే కదా! ఇరవై ఏళ్లలో వదులు బోల్టుతో ఒక్క బండి కూడా అతని షెడ్డు దాటలేదు. దేవుడి భయమో, పని మీద గౌరవమో, చెయ్యి ఒప్పుకోలేదు. తనని తాను తిట్టుకుంటూనే రెండూ మళ్లీ బిగించాడు. ఊడిపోకుండా సన్నటి తీగ కూడా చుట్టాడు. ఈ సాయంత్రం నుంచి చెల్లెల్ని తన దగ్గరే ఉంచేసుకుంటాడు. వాడు అడ్డమొస్తే కాళ్లు విరగ్గొడతాడు. చంపడం మాత్రం తన వల్ల కాదు. అలా అనుకున్నాక గుండె తేలికపడింది.

బండిని వ్యాను ఎక్కించబోతుంటే సువార్త నూనె సీసాతో వచ్చింది. ప్రయాణానికి ముందు ప్రార్థన వాళ్లింట్లో ఆనవాయితీ. ఇద్దరు మగాళ్లూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. ఆ రోజు ఆమె ప్రార్థన కాస్త పొడుగ్గానే సాగింది. కళ్లు తెరిచేసరికి పెట్రోలు ట్యాంకు మీద నూనెతో గీసిన సిలువ ఉంది.

రన్‌వే దగ్గర బళ్లని తనిఖీ చేశారు. బ్రేకు లివరు నొక్కి చూస్తే గట్టిగానే ఉంది. తీగ చుట్టిన బోల్టులు చూసి లూకాని మెచ్చుకున్నారు. కొత్తవాళ్లు మొదటి రెండు రౌండ్లు శిక్షకుడి వెనకే మెల్లగా వెళ్లాలన్నారు. అవి ఆడోళ్లకని నవ్వి, మొదటి రౌండులోనే అతన్ని దాటేశాడు యెషయా.

తిన్నని దారి చివర మలుపు. మిగతా బళ్లన్నీ నెమ్మదించాయి. యెషయాది నెమ్మదించలేదు. అడ్డంగా పేర్చిన టైర్లని చెదరగొట్టుకుంటూ పోయి రాతిగోడని గుద్దింది. హెల్మెట్ రెండు చెక్కలైంది. అతను లేవలేదు. సిమెంటు మీద నెత్తురు మడుగు కట్టింది.

లూకా ఒక్క పరుగున వెళ్లాడు. ముందు చూసింది మనిషిని కాదు, బోల్టుల్ని. రెండూ బిగువుగానే ఉన్నాయి. తీగ తెగలేదు. ప్రభువా, ఇది నా చేతి పని కాదు అనుకున్నాడు. అంతలో డిస్కు మీద వేలు జర్రున జారింది. వాసన చూశాడు. ఆలివ్ నూనె.

మొగుడు క్షేమంగా రావాలని బండంతా రాసుంటుంది పిచ్చిది. ఈ సంగతి తెలిస్తే ఇక అది బతుకుతుందా? చొక్కా విప్పి డిస్కుని గబగబా తుడిచేశాడు. నేరం తన మీద వేసుకుంటే సరి, జైలుకైనా పోతాడు.

సువార్త కంచె దగ్గర కదలకుండా నిలబడి ఉంది. లూకా వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. బోల్టులు తనే వదులుగా వదిలేశానని, ఈ పాపం తనదేనని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆమె వంగి, కొంగుతో అన్న కళ్లు తుడిచింది.

"పొద్దున నువ్వు ఆ బోల్టులు మళ్ల బిగిస్తుంటే కిటికీల నుంచి చూసిన అన్నా, అందుకే నూనె సీసా తీసిన."