చెప్పని ఉప్పు

"ఈస్టు వేశాక పిండిని ఎంతసేపు వదిలెయ్యాలన్నారు, అత్తయ్యా?" కాగితం మీద రాసుకుంటూ అడిగాడు అల్లుడు.

"రెండింతలు పొంగేదాకా," అంది ముసలావిడ. ఆమె కళ్ళు మాత్రం గుమ్మం పక్కనున్న కొత్త బూట్ల మీదే ఉన్నాయి.

ఆమె మొగుడూ ఇలాగే గట్టి బూట్లు కొనుక్కుని, రొట్టె కాల్చడం నేర్చుకుని మరీ పనికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. అందుకే ఇందాక ఉప్పు సంగతి అల్లుడికి చెప్పకుండా మింగేసింది. రొట్టె కుదరకపోతే ఎక్కడికి పోతాడు?

"బూట్లు మన్నుతాయా?"

"పదేళ్ళు చూసుకోనక్కర్లేదన్నాడు కొట్టతను."

"అయితే పదేళ్ళదాకా రారన్నమాట!"

"ఎవరు?"

"ఎవరేమిటి బాబూ, మీరే! నా కూతురికైనా చెప్పారా, లేదా?"

అల్లుడు నవ్వాపుకుంటూ ఒక బూటు తెచ్చి తన పాదం పక్కన పెట్టాడు. బూటు కంటే పాదమే అంగుళం పొడుగుంది.

"ఇందులో నా కాలెక్కడ పడుతుంది? వంతెన పని వచ్చింది మీ అమ్మాయికి. సోమవారం ప్రయాణం. మీకు చెప్పలేక మూడు రోజులుగా నన్ను ముందుకు తోస్తోంది. నెలకోసారి వస్తుంది. వెళ్ళేటప్పుడు మీ రొట్టే కావాలట. మీకు చేతులు నొప్పులని నేను నేర్చుకుంటున్నాను."

ముసలావిడ బూటు ఒళ్ళో పెట్టుకుంది. లోపలి కుట్టు ఎక్కడైనా గుచ్చుకుంటుందేమోనని వేళ్ళతో మెల్లగా తడిమింది.

"కాగితం తియ్యండి," అంది. "ఉప్పు చెప్పలేదు. ఒక చెంచా... కాదు, చెంచాన్నర రాసుకోండి. అమ్మాయికి కాస్త ఎక్కువే ఉండాలి."